ఫోన్‌లో, ట్యాబ్‌లో లెక్కల షీట్లు: ఎక్సెల్ బదులు ఏది పెట్టుకోవాలి?

11 అంగుళాల ట్యాబ్ కొన్నవాళ్లకు ఈ చిక్కు మొదటి రోజే ఎదురవుతుంది. ఫోన్‌లో ఎక్సెల్ ఉచితంగా నడిచింది కదా అని ట్యాబ్‌లోనూ వేసుకుంటారు. ఫైల్ తెరుచుకుంటుంది, లెక్కలన్నీ కనిపిస్తాయి, కానీ ఒక్క అంకె కూడా మార్చనివ్వదు. మైక్రోసాఫ్ట్ గీసిన గీత 10.1 అంగుళాల దగ్గర ఉంది. తెర అంతకు మించితే ఎడిటింగ్‌కి మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాల్సిందే. ఐప్యాడ్‌లలో కూడా ఇదే రూలు. 8.3 అంగుళాల మినీ గీతకు ఇవతలే ఉంటుంది, 10.9 అంగుళాల మామూలు ఐప్యాడ్ అవతలకు పోతుంది. ఫోన్‌లో మాత్రం మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, ఉచితంగానే మార్చుకోవచ్చు.

కాబట్టి 6.5 అంగుళాల ఫోన్‌లో నెల ఖర్చులు రాసుకునేవాళ్లకు ఎక్సెల్‌ను వదలాల్సిన అవసరం పెద్దగా లేదు. ట్యాబ్‌కి కీబోర్డు తగిలించి షాపు లెక్కో, చిట్టీల లెక్కో, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కో చూసుకునేవాళ్లకే వేరే దారి కావాలి. నెట్ సరిగా లేని చోట పనిచేసేవాళ్లకు, తమ లెక్కలు ఎవరి సర్వర్‌లోనూ ఉండకూడదనుకునేవాళ్లకు కూడా.

ఏ యాప్ పెట్టుకున్నా ఫైల్‌ను ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ (.xlsx, ఎక్సెల్ మామూలుగా సేవ్ చేసే) రూపంలోనే ఉంచండి. యాప్‌లు వస్తుంటాయి, పోతుంటాయి. ఒకప్పుడు ఫోన్లలో బాగా నడిచిన క్విక్ఆఫీస్‌ను గూగుల్ 2012లో కొనేసింది, 2014లో స్టోర్ల నుంచి తీసేసింది. అంతకు ముందు పాకెట్ పీసీల (చేతిలో పట్టే పాతకాలం కంప్యూటర్ల) కాలంలో పాకెట్ ఎక్సెల్ అయితే కంప్యూటర్ నుంచి వచ్చిన ఫైల్‌ను తన సొంత పీఎక్స్‌ఎల్ రూపంలోకి మార్చుకునేది, ఆ మార్పిడిలో చార్టులు ఎగిరిపోయేవి. ఇప్పుడు అంత ఘోరం లేదు గానీ, కింద చెప్పబోయే ప్లాన్‌మేకర్‌కి పీఎమ్‌డీఎక్స్, ఆపిల్ నంబర్స్‌కి దాని సొంత ఫార్మాట్ ఉన్నాయి. "సేవ్" నొక్కేటప్పుడు ఏ రూపంలో సేవ్ అవుతోందో ఒకసారి చూసుకోండి.

ఇక ఒక్కో యాప్ సంగతి.

గూగుల్ షీట్స్ చాలామంది ఫోన్లలో ముందే ఉంటుంది, తెర ఎంత పెద్దదైనా ఉచితం. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైల్‌ను మార్చకుండా అలాగే తెరిచి ఎడిట్ చేస్తుంది. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. "గూగుల్ షీట్స్‌గా సేవ్ చేయి" అని నొక్కితే డ్రైవ్‌లో రెండో కాపీ తయారవుతుంది. పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అలాగే ఉంటుంది, ఇకపై మీరు రాసేదంతా కొత్త కాపీలోకి పోతుంది. వారం తర్వాత ఇంట్లో ఇంకొకరు పాతది తెరిచి "లెక్క తేడా వచ్చింది" అంటారు. మార్చాలనుకుంటే మార్చండి, కానీ పాత ఫైల్ పేరు ముందు "పాతది" అని వెంటనే పెట్టేయండి.

నెట్ లేకుండా షీట్స్ వాడాలంటే ఇంటి నుంచి బయల్దేరే ముందే ఆ ఫైల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచే స్విచ్ వేయాలి. సిగ్నల్ పోయాక వేద్దామంటే కుదరదు. ఒకే గడిని ఇద్దరు ఆఫ్‌లైన్‌లో మార్చి ఉంటే, నెట్ వచ్చాక ఒకరు రాసిందే మిగులుతుంది. అందుకే ఇద్దరు వసూళ్లకు తిరిగే చోట ఇద్దరికీ ఒకే ఫైల్‌లో వేర్వేరు షీట్లు ఇచ్చి, మొత్తం మూడో షీట్‌లో కలిపి చూసుకోవడం మేలు. ఇంకో ఫైల్ నుంచి సమాచారం లాక్కొచ్చే ఇంపోర్ట్‌రేంజ్, షేర్ల ధరలు తెచ్చే గూగుల్‌ఫైనాన్స్ లాంటివి నెట్ లేకపోతే తాజా కావు.

కంప్యూటర్‌లో స్క్రిప్ట్ (పనిని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రామ్) రాసి బొమ్మ మీద నొక్కితే నడిచేలా పెట్టుకున్న బటన్లు ఫోన్ యాప్‌లో పనిచేయవు. దీనికి ఒక ఉపాయం ఉంది. బటన్ బదులు చెక్‌బాక్స్ పెట్టి, గడి మారినప్పుడు నడిచే ట్రిగ్గర్‌ను దానికి కట్టాలి. టిక్ పెట్టగానే ఫోన్‌లో కూడా స్క్రిప్ట్ నడుస్తుంది. ఎక్సెల్ ఫోన్ యాప్‌లోనైతే వీబీఏ మాక్రోలు (ఎక్సెల్‌లో రాసే ఇలాంటి చిన్న ప్రోగ్రామ్‌లు) అసలు నడవవు. మాక్రోల మీదే ఆధారపడిన ఫైల్ మీ దగ్గరుంటే దాన్ని ఫోన్‌కి తేవాలన్న ఆలోచనే మానుకోండి.

షీట్స్ పరిమితి ఒక ఫైల్‌కి కోటి గడులు. ఫోన్ అంతకంటే చాలా ముందే ఆయాసపడుతుంది. మెమరీ తక్కువ ఉన్న ఫోన్‌లో కొన్ని వేల వరుసల వీలుకప్‌లు (పట్టికలో వెతికి విలువ తెచ్చే ఫార్ములాలు) ఉంటే చాలు, అంకె కొట్టాక ఫలితం రావడానికి ఆగాల్సి వస్తుంది. ఏడాదికో ఫైల్ చేసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

అకౌంట్ వద్దు, క్లౌడ్ వద్దు, నా ఫైల్ నా ట్యాబ్‌లోనే ఉండాలి అనుకునేవాళ్లకు నేను చెప్పేది కొలాబొరా ఆఫీస్. లోపల ఉన్నది లిబ్రేఆఫీస్ ఇంజినే. ఓపెన్ సోర్స్, ఆండ్రాయిడ్‌లోనూ ఐప్యాడ్‌లోనూ ఉచితం. ప్రకటనలు లేవు, లాగిన్ అడగదు. ఓడీఎస్ (లిబ్రేఆఫీస్ మామూలుగా సేవ్ చేసే రూపం) ఫైళ్లు వాడేవాళ్లకు ఫోన్‌లో ఇంతకంటే నమ్మకమైనది లేదు. లోపాలూ ఉన్నాయి. యాప్ బరువు ఎక్కువ, మొదటిసారి తెరుచుకోవడానికి టైం తీసుకుంటుంది, వేలితో గడులు ఎంచుకోవడం షీట్స్‌లో ఉన్నంత చురుగ్గా ఉండదు. ట్యాబ్‌లో, అందులోనూ మౌస్ పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. చిన్న ఫోన్‌లో రోజూ పది ఎంట్రీలు రాసే పనికి మాత్రం విసుగు పుట్టిస్తుంది.

లిబ్రేఆఫీస్ కుటుంబం గురించి తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఎక్సెల్‌లో సేవ్ అయిన ఫైల్‌ను తెరిచేటప్పుడు అది మామూలుగా ఫార్ములాలను మళ్లీ లెక్కించదు, ఫైల్‌లో దాచి ఉన్న పాత జవాబునే చూపిస్తుంది. ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యూనీక్ లాంటి కొత్త ఫార్ములాలు లిబ్రేఆఫీస్‌కి 24.8 వెర్షన్‌తో, అంటే 2024 ఆగస్టులో వచ్చాయి. మీ దగ్గరున్నది అంతకు ముందు వెర్షన్ అయితే ఫైల్ తెరవగానే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తాయి. ఏదో ఒక అంకె మార్చగానే ఆ గడిలో నేమ్ ఎర్రర్ (ఫార్ములా పేరు తెలియదనే తప్పు గుర్తు) పడుతుంది. చూసి ఊరుకుంటే యాప్ బాగానే ఉందనిపిస్తుంది, కాబట్టి మార్చి చూడాలి.

ఓన్లీఆఫీస్ డాక్యుమెంట్స్ ఈ విషయంలో వేరే దారి పట్టింది. దాని లోపలి రూపమే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ కుటుంబానిది. అందుకే కంప్యూటర్‌లో ఎక్సెల్‌తో చేసిన ఫైల్ రంగులూ గీతలూ పెద్దగా చెదరకుండా వచ్చి వెళుతుంది. ఓడీఎస్‌ను మాత్రం మార్చుకునే తెరుస్తుంది, కాబట్టి ఓడీఎస్ వాడేవాళ్లు ఇటు రావద్దు. ఫోన్‌లోని ఫైళ్ల మీద నేరుగా పనిచేస్తుంది, కావాలంటే నెక్స్ట్‌క్లౌడ్ (సొంత సర్వర్‌లో పెట్టుకునే క్లౌడ్), డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్, వెబ్‌డావ్ (నెట్ ద్వారా సర్వర్ ఫైళ్లు తెరిచే పద్ధతి)లకు కలుపుకోవచ్చు. ఆఫీసులో సొంత నెక్స్ట్‌క్లౌడ్ సర్వర్ ఉన్నవాళ్లకు ఇదే సరైన జోడీ. 11 అంగుళాల ట్యాబ్ తీసుకుని, ఎక్సెల్ చందా కట్టడం ఇష్టం లేక, ఎక్సెల్ వాడేవాళ్లతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవారికి నా మొదటి ఓటు దీనికే.

కీబోర్డు, మౌస్ పెట్టి ట్యాబ్‌ను లాప్‌టాప్‌లా వాడేవాళ్లు సాఫ్ట్‌మేకర్ వాళ్ల ప్లాన్‌మేకర్ కూడా చూడాలి. ఇది జర్మనీ కంపెనీది. పాకెట్ పీసీల నాటి నుంచి చేతి పరికరాలకు స్ప్రెడ్‌షీట్ చేస్తున్నవాళ్లు, ఆ అనుభవం కనిపిస్తుంది. పైన రిబ్బన్ (బటన్ల పట్టీ) కంప్యూటర్‌లో ఉన్నట్టే ఉంటుంది. రాయడం, లెక్కించడం ఉచితమే గానీ ప్రింట్, పీడీఎఫ్‌గా మార్చడం లాంటి కొన్నింటికి చందా అడుగుతుంది. నెలాఖరున పీడీఎఫ్ పంపాల్సినవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

జోహో షీట్ మన పక్క రాష్ట్రం, చెన్నై కంపెనీది. ప్రకటనలు లేకుండా శుభ్రంగా ఉంటుంది. అచ్చు పట్టికను ఫొటో తీస్తే అంకెలను గడుల్లో పెట్టే సౌకర్యం ఉంది. ఎక్సెల్ ఫోన్ యాప్‌లోనూ ఇది ఉంది. ఏ యాప్‌తో తీసినా 1ని 7గా, 6ని 0గా చదవడం మామూలే. కాగితం మీద కింద రాసి ఉన్న మొత్తాన్ని, షీట్‌లో సమ్ ఇచ్చిన మొత్తాన్ని పోల్చకుండా ముందుకు పోవద్దు. జోహో కథంతా సర్వర్ చుట్టూ తిరుగుతుంది. నెట్ లేని ఊళ్లో వాడేవాళ్లు ఫ్లైట్ మోడ్ పెట్టి ఒకసారి చూసుకున్నాకే నమ్ముకోవాలి.

డబ్ల్యూపీఎస్ ఆఫీస్ చైనా కంపెనీ కింగ్‌సాఫ్ట్‌ది. చిన్న ఫోన్లలో కూడా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ బాగానే తెరుస్తుంది. ఉచిత వెర్షన్‌లో ప్రకటనలు వస్తాయి. ఇంకొకరి డబ్బు లెక్కలు రాసేటప్పుడు మధ్యలో ప్రకటన మీద వేలు పడే యాప్‌ను నేను ఎవరికీ చెప్పను. ఐఫోన్ వాళ్లకు ఆపిల్ నంబర్స్ ఉచితం, అందంగా ఉంటుంది. కానీ ఫైల్ ఇంకొకరికి పంపిన ప్రతిసారీ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి.

పేర్లు చదివి నిర్ణయించుకోవద్దు. మీ ఫైల్‌నే కాపీ చేసి పరీక్షించండి. మీ ఫైల్ లేకపోతే చిన్న చిట్టీ లెక్క ఒకటి రాసుకోండి. లక్ష రూపాయల చిట్టీ, 20 మంది, నెలకు రూ. 5,000. ఒక గడిలో పాటలో పోయిన మొత్తం 18,000, ఇంకో గడిలో కమీషన్ 5,000. మిగిలిన 13,000ను 20తో భాగిస్తే మనిషికి 650 తగ్గుతుంది, ఆ నెల కట్టాల్సింది 4,350. దాన్ని 20తో గుణిస్తే 87,000 రావాలి. పాడుకున్నవారికి 82,000, కమీషన్ 5,000, సరిపోయింది. ఇదంతా కంప్యూటర్‌లో ఎక్సెల్‌తో ఫార్ములాలుగా రాసి, ఫోన్‌కి పంపి, కొత్త యాప్‌లో తెరవండి. 18,000 ఉన్నచోట 21,000 కొట్టండి. కట్టాల్సింది 4,200కి, మొత్తం వసూలు 84,000కి మారాలి. మారకపోతే యాప్ పాత జవాబునే చూపిస్తోందన్నమాట. మారితే సేవ్ చేసి, మళ్లీ కంప్యూటర్‌లో తెరిచి ఫార్ములాలు ఫార్ములాలుగానే ఉన్నాయా, వట్టి అంకెలుగా మారాయా చూడండి. రంగులు, గడుల వెడల్పు, డ్రాప్‌డౌన్‌లు కూడా చూడండి.

తేదీల దగ్గర జాగ్రత్త. 05/04/2025 అని కొడితే మనకు ఏప్రిల్ 5. ఫైల్ లొకేల్ (ఏ దేశం పద్ధతి అన్న సెట్టింగు) అమెరికాది అయితే అది మే 4 అవుతుంది, పైకి ఏ తేడా కనపడదు. 13/04/2025 కొడితే 13వ నెల లేదు కాబట్టి తేదీగా కాకుండా అక్షరాలుగా ఉండిపోతుంది. తేదీ అయితే గడిలో కుడివైపు, అక్షరాలైతే ఎడమవైపు అంటుకుంటుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉన్నాయంటే సగం తేదీలు తప్పినట్టే. పక్క గడిలో మంత్ ఫార్ములా వేసి 4 వస్తోందో 5 వస్తోందో చూడండి. షీట్స్‌లో ఫైల్ సెట్టింగుల్లో లొకేల్‌ను ఇండియాగా మార్చాలి. ఏ యాప్‌లోనైనా తడబడకుండా ఉండాలంటే 2025-04-05 అని సంవత్సరం ముందు పెట్టి కొట్టండి.

లక్షల కామాలు ఇంకో తలనొప్పి. కంప్యూటర్‌లో 12,34,567 అని చక్కగా కనిపించింది ఫోన్‌లో 1,234,567 అయిపోతుంది. కారణం, ఆ కామాల అమరిక ఫైల్‌లో లేదు, మీ విండోస్‌లోని ఇండియా సెట్టింగు నుంచి వచ్చింది. దాన్ని ఫైల్‌లోకే ఎక్కించాలంటే కంప్యూటర్‌లో ఆ గడులకు ఈ కస్టమ్ ఫార్మాట్ ఒకసారి పెట్టండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

ఫోన్‌లో కూడా లక్షలు, కోట్లుగానే కనిపిస్తుంది. దీనికి ఒక లోటుంది. రుణ సంఖ్యలకు వర్తించదు, రెండున్నర లక్షల నష్టం -250,000 గానే కనబడుతుంది. అప్పులకు వేరే నిలువు వరుస పెట్టుకుని అక్కడ ధన సంఖ్యలే రాయడం తేలిక.

బ్యాంకు అకౌంట్ నంబర్ల విషయంలో ఏ యాప్ కూడా మిమ్మల్ని కాపాడదు. చాలా స్ప్రెడ్‌షీట్లు 15 అంకెల వరకే కచ్చితంగా గుర్తుంచుకుంటాయి, ఎక్సెల్‌లో 16వ అంకె నుంచి సున్నాలు పడతాయి. ముందున్న సున్నాలు కూడా మాయమవుతాయి. ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చి ఆ తర్వాతే నంబర్లు కొట్టాలి, లేదా నంబరు ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెట్టాలి. కొట్టేశాక టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకెలు తిరిగి రావు.

తెలుగులో పేర్లు రాసేవాళ్లకు నాలుగు మాటలు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు ఏ ఫోన్ యాప్‌లోనూ చదవడానికి రావు. అవి యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేని చోట పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. కంప్యూటర్‌లో గౌతమి ఫాంట్‌తో చేసినది ఫోన్‌లో వేరే ఫాంట్‌తో వస్తుంది. అడ్డు వరుస ఎత్తు గట్టిగా నిర్ణయించి ఉంటే ఒత్తులు కింద తెగిపోతాయి, "లక్ష్మి" కాస్తా "లక్మి"లా కనబడుతుంది. ఎత్తును ఆటోఫిట్‌కి వదిలేయండి. కీబోర్డులో పొరపాటున ౧౨౩ అని తెలుగు అంకెలు పడితే అవి చాలా యాప్‌లలో అక్షరాలే, సమ్ వాటిని కలపదు. పేరులో మొదటి అక్షరం కోసం లెఫ్ట్ ఫార్ములా వేస్తే "శ్రీను"కి "శ్రీ" రాదు, "శ" వస్తుంది. "శ్రీ"ని షీట్ నాలుగు ముక్కలుగా లెక్కపెడుతుంది. తెలుగు పేర్లను వరుసలో పెట్టినప్పుడు కూడా సున్నా (ం) ఉన్న పేర్లు నిఘంటువు వరుసలో రాకపోవచ్చు. పక్కన సీరియల్ నంబరు పెట్టుకుని దానితో వరుస పెట్టడమే నయం.

వాట్సాప్‌లో వచ్చిన షీట్‌ను అక్కడే నొక్కి తెరిచి ఎడిట్ చేయడం అన్నిటికంటే ఎక్కువగా డేటా పోగొట్టే అలవాటు. వాట్సాప్ ఇచ్చేది చదవడానికి మాత్రమే. మీరు మార్చింది ఇంకెక్కడో కాపీగా సేవ్ అవుతుంది, లేదా సేవే కాదు. చాట్‌లో ఉన్న ఫైల్ మాత్రం పాతదే. ముందు ఫోన్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి సేవ్ చేసుకుని, యాప్‌లోపలి నుంచి తెరవండి. ఆ సమయంలో యాప్ "అన్ని ఫైళ్లకూ అనుమతి" అడిగితే ఇవ్వనక్కర్లేదు. ఫైల్ పికర్‌తో (ఫోన్ చూపించే ఫైళ్ల జాబితాతో) ఆ ఒక్క ఫైల్‌ను ఎంచుకుంటే చాలు.

తెర విషయానికొస్తే, నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో నాలుగైదు నిలువు వరుసలకు మించి సుఖంగా కనిపించవు. కీబోర్డు పైకి లేస్తే సగం తెర పోతుంది. అడ్డంగా తిప్పితే ఒకటి రెండు అడ్డు వరుసలే మిగులుతాయి. ఫ్రీజ్ చేయాల్సింది (తెర జరిపినా కదలకుండా ఉంచాల్సింది) పైన ఒక వరుస, ఎడమన పేర్ల వరుస, అంతే. కంప్యూటర్‌లో నాలుగు నిలువు వరుసలు ఫ్రీజ్ చేసిన ఫైల్ ఫోన్‌లో ముందుకు జరగనే జరగదు, ఎందుకంటే ఫ్రీజ్ అయినవే తెరంతా ఆక్రమిస్తాయి. కొత్త యాప్ పెట్టగానే సంఖ్యల కీప్యాడ్ ఎన్ని నొక్కులకు వస్తుందో, ఎంటర్ కొడితే కిందికి పోతుందో పక్కకి పోతుందో చూడండి. రోజూ చేసే పని అదే.

ఫోన్‌లో చేసేది కేవలం కొత్త ఎంట్రీలు రాయడమే అయితే షీట్‌ను అసలు తెరవకండి. గూగుల్ ఫారమ్ ఒకటి చేసి దాన్ని షీట్‌కి కలపండి. పేరు డ్రాప్‌డౌన్‌గా, మొత్తం అంకెగా, తేదీ క్యాలెండర్‌గా పెట్టండి. వసూలుకు వెళ్లిన కుర్రాడు ఫారమ్ నింపితే షీట్ చివర ఒక వరుస చేరుతుంది. పైనున్న లెక్కల మీద అతని వేలు పడే అవకాశమే ఉండదు. ఫారమ్ పంపాలంటే ఆ క్షణంలో నెట్ ఉండాలి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాల్సినప్పుడు వాళ్లకు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ పంపకండి. ఏ4 సైజు, వెడల్పుకు సరిపోయేలా పెట్టి పీడీఎఫ్ చేసి పంపండి. అక్కడి కంప్యూటర్‌లో మీ తెలుగు ఫాంట్ లేకపోయినా అక్షరం చెదరదు.